పెండిల్ హిల్ దొరబాబు

బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే జోన్ ఆంటీ ఫోన్ చేసింది. ఒకప్పుడు మా చర్చిలో పియానో వాయించేది. ఇప్పుడు వృద్ధుల హోములో ఉంటూ ఎవరెవరు పోయారో మా అందరికీ కబుర్లు అందించే పని పెట్టుకుంది. "యువర్ గోల్ఫర్ పాస్డ్ అవే, డియర్" అంది. మీ గోల్ఫర్ పోయాడమ్మా అని. ఇంగ్లండులో, నిద్రలోనే పోయాడట.

మీ గోల్ఫర్! ఆ మాటకి ముందు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఈలోగా మా ఆయన చొక్కా కాలరు మాడింది. మా ఇంటా వంటా లేదు గోల్ఫ్. మా నాన్న తెనాలిలో లెక్కల మాస్టారు, ఆయనకి తెలిసిన ఆట పేకాట ఒక్కటే, అదీ మా అమ్మకి తెలియకుండా. మా ఆయనకి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆటే కాదు. అలాంటి మాకు, ఎనభైల చివర్లోనూ తొంభైల మొదట్లోనూ, వరసగా కొన్ని ఎండాకాలాలు సొంతానికి ఒక గోల్ఫర్ ఉన్నాడంటే నమ్మండి.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు. ఆ ఆట తెలిసినవాళ్ళకీ తెలియదు. గెలిచినవాళ్ళ పేర్లే కదా జనం గుర్తు పెట్టుకునేది, ఆయన బతుకంతా ఆడాడు గానీ ఒక్కసారీ గెలవలేదు. మా అత్తయ్య ఆయన్ని దొరబాబు అని పిలిచేది. నేనూ అలాగే అంటాను.

అప్పట్లో టోర్నమెంటు జరిగితే పేరున్న ఆటగాళ్ళు హోటళ్ళలో దిగేవాళ్ళు. మిగతావాళ్ళని ఊళ్ళో జనం తమ ఇళ్ళల్లో ఉంచుకునేవాళ్ళు. ఆ ఏర్పాటును బిల్లెట్ అనేవాళ్ళు. జోన్ ఆంటీ భర్త ఏదో క్లబ్బులో మెంబరు. "మీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది కదా, ఒక ఇంగ్లీషాయన్ని వారం రోజులు పెట్టుకుంటారా?" అని ఆవిడ అడిగింది. చర్చిలో అందరి ముందూ అడిగితే కాదని ఎలా అంటాం? ఆట జరిగే చోటికి దగ్గర్లో వేరే ఇళ్ళు చాలానే ఉన్నాయట. ఈయన మాత్రం మా పేట పేరు పెండిల్ హిల్ అని వినపడగానే అక్కడే కావాలన్నాడట.

ఎందుకో వచ్చిన రోజే తెలిసింది. గేటు దగ్గర గోల్ఫ్ కర్రల పెద్ద సంచీ దించి, నడుం పట్టుకుని, మా వీధి అటూ ఇటూ చూసి "మరి హిల్లేదీ?" అన్నాడు. మా ఆయన ఏదో తన తప్పయినట్టు "నో హిల్ సర్. ఓన్లీ నేమ్" అన్నాడు. దొరబాబు పుట్టింది లాంకషైర్‌లో, అసలు పెండిల్ హిల్ కింద ఉన్న ఊళ్ళో. వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ కొండ తప్ప ఇంకేం కనపడదట. ఎప్పుడో అక్కణ్ణుంచి వలస వచ్చినవాడెవడో తన ఊరి కొండ పేరు తెచ్చి సిడ్నీలో ఈ పేటకి తగిలించాడు. ఆయన చాలాసేపు నవ్వాడు. నేను నవ్వలేదు. ఇక్కడెవరైనా ఒక పేటకి మంగళగిరి అని పేరు పెట్టి ఉంటే నేను మాత్రం ఇంకో చోట ఇల్లు తీసుకునేదాన్నా? కొండ లేకపోతేనేం.

అత్తయ్యది బాపట్ల. మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషి. తెల్లవాళ్ళంతా ఆవిడకి దొరలే. ఉత్తరాలిచ్చేవాడు పోస్టు దొర, చెత్త డబ్బా ఎత్తుకెళ్ళేవాడు చెత్త దొర. ఈయనకి నలభై దాటినా ఆవిడ కంటికి చిన్నవాడే, అందుకని దొరబాబు. నేను ఆవిడని "అత్తయ్యా, అత్తయ్యా" అని పిలవడం విని, అది ఆవిడ పేరనుకున్నాడు మహానుభావుడు. మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి "మార్నింగ్, అత్తయ్య" అన్నాడు. ఆవిడకి కూతుళ్ళు లేరు కాబట్టి సరిపోయింది. కాఫీ చేతికిస్తే థాంక్స్‌కి బదులు "టా, లవ్" అన్నాడు. లాంకషైర్‌లో బస్సు కండక్టరు నుంచి డాక్టరు దాకా అందరూ ఆడవాళ్ళని లవ్ అనే పిలుస్తారని మాకేం తెలుసు? అత్తయ్య గరిటె పట్టుకుని నా గదిలోకొచ్చింది.

"ఏమే, ఆ దొరబాబు నన్ను లవ్వంటన్నాడేంటే?"

"ఊరికే మర్యాదకి అంటారేమో అత్తయ్యా."

"మర్యాదకంటే అమ్మా అనాలి, మేడమ్ అనాలి. లవ్వేంటి? మీ మామయ్య కూడా ఏనాడూ అనలేదు ఆ మాట!"

మా ఆయన ఆ మాట పట్టుకుని ఆవిణ్ణి ఎన్నేళ్ళు ఏడిపించాడో చెప్పలేను. ఆవిడకీ లోలోపల బాగానే ఉండేదనుకుంటాను. నాలుగు రోజులయ్యేసరికి ఆయన లవ్ అనకపోతే ఆరోగ్యం బాగాలేదేమోనని అడిగేది.

ఇప్పుడు పెండిల్ హిల్లో ఇటు తిరిగితే దోసె, అటు తిరిగితే చీరలు. అప్పుడు పప్పులు అమ్మే షాపు ఒక్కటుండేది, అదీ తాళం వేసి ఉండేదే ఎక్కువ. నేనూ మా ఆయనా డ్యూటీలకి పోతే అత్తయ్య సాయంత్రం దాకా ఒక్కత్తే ఉండేది. టీవీలో వాళ్ళు మాట్లాడేది అర్థం కాక శబ్దం తీసేసి చూసేది. అలాంటి ఇంట్లోకి, ఆట లేని రోజుల్లో, దొరబాబు కూడా పగలంతా ఉండేవాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. ఆవిడ హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఆయన అటు చివర మా స్టీలు గ్లాసు ఒకటి పడుకోబెట్టి, ఇటు చివర నుంచి కార్పెట్ మీద బంతి కొట్టేవాడు. బంతి వెళ్ళి గ్లాసులో టంగుమని పడేది. అత్తయ్య కాలితో దాన్ని మళ్ళీ ఆయన వైపు తోసేది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు దాకా వినపడేది ఆ టంగు. చెప్పుకోవద్దూ, ఆ చప్పుడు వినగానే ఇల్లు ఇల్లులా ఉందనిపించేది నాకు.

ఆయన గది చూస్తే మాత్రం మనసుకి కష్టంగా ఉండేది. వార్డ్‌రోబులో బోలెడు చోటుంటే బట్టలన్నీ సూట్‌కేసులోనే ఉంచుకునేవాడు. ఒక్క చొక్కా తగిలించింది లేదు. పొద్దున్న లేవగానే దుప్పటి మడిచి, రాత్రి ఎవరూ పడుకోనట్టు చేసి బయటికి వచ్చేవాడు. ఎండ ఎక్కడుంటే ఆట అక్కడ, ఆట ఎక్కడుంటే ఆయన అక్కడ. యూరప్‌లో కొన్నాళ్ళు, ఆఫ్రికాలో కొన్నాళ్ళు, అక్కడ చలి పడితే మా ఆస్ట్రేలియా. "ఇల్లు ఎక్కడ?" అని అత్తయ్య నాచేత అడిగిస్తే, అదేదో కష్టమైన ప్రశ్నయినట్టు కాసేపు ఆలోచించి "ప్రస్తుతానికి ఇక్కడే లవ్" అన్నాడు. ఒకసారి రిసీవరు చెవికి పెట్టుకుని ఏం మాట్లాడకుండా చాలాసేపు నిలబడి ఉంటే, ఇంగ్లండుకి చేశాడేమో, లైను కలవలేదేమో అనుకున్నాను. కాదు. టైమ్ చెప్పే నంబరు ఉండేది అప్పట్లో. దానికి చేసి, ఆ గొంతు టైమ్ చెప్తుంటే వింటున్నాడు. గోడ మీద గడియారం ఉండగా అదేం పనండీ అంటే, నవ్వేసి పెట్టేశాడు.

కట్ సంగతి చెప్పాలి.

గోల్ఫ్ టోర్నమెంటు నాలుగు రోజులు జరుగుతుంది. గురు, శుక్రవారాలు అందరూ ఆడతారు. శుక్రవారం సాయంత్రం గీత గీస్తారు. గీతకి పైనున్నవాళ్ళు శని, ఆదివారాలు ఆడతారు, కిందున్నవాళ్ళు సంచీ సర్దుకుంటారు. ఆ గీత పేరు కట్. ఇదంతా ఇప్పుడు తెలిసి చెప్తున్నాను. అప్పుడు నేను ఆపరేషన్ వార్డులో నర్సుని, నాకు కట్ అంటే కత్తి. అత్తయ్యకి కట్ అంటే కరెంటు కోత. ఆ మొదటి ఏడు శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుంటే "హౌ వాజ్ ఇట్?" అని అడిగాను.

"మిస్డ్ ద కట్" అన్నాడు.

మనిషి నీరసంగా ఉన్నాడు, కానీ ఎండలో తిరిగొచ్చినవాడు నీరసంగా కాక ఎలా ఉంటాడు? పనిలోంచి ఎవరినో తీసేస్తున్నారు కాబోలు, ఈయనకి తప్పింది అనుకున్నాను. బస్సు మిస్సయితే నష్టం గానీ, కత్తి మిస్సయితే అదృష్టమే కదా. వంటింట్లోకి పరిగెత్తి "అత్తయ్యా, దొరబాబుకి కోత తప్పిందట!" అన్నాను.

"ప్రభువుకి స్తోత్రం!" అందావిడ. అప్పటికప్పుడు కోడి పలావు చేసింది, సేమ్యా పాయసం చేసింది. మా ఆయన్ని పంపి జీడిపప్పు తెప్పించింది. ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, మా వైపు చర్చిలో చేసినట్టు గొంతెత్తి ప్రార్థన చేసింది. "ప్రభువా, కన్నవాళ్ళకి దూరంగా దేశం కాని దేశంలో ఉన్న ఈ బిడ్డ మీద పడబోయిన కోతని తప్పించావు తండ్రీ, నీకు వందనాలు" అంటూ అలా సాగిపోయింది. ఆయనకి అర్థం కావాలని నేను పక్కనే నిలబడి ఇంగ్లీషులో చెప్పాను. షీ ఈజ్ థాంకింగ్ గాడ్ దట్ యు మిస్డ్ ద కట్.

ఆయన నా వైపు చూశాడు. అత్తయ్య వైపు చూశాడు. పాయసం గిన్నె వైపు చూశాడు. "దట్స్ వెరీ కైండ్ ఆఫ్ హర్" అని తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. రెండోసారి వడ్డించినా వద్దనలేదు.

మర్నాడు పొద్దున్నే తయారై సంచీ భుజానేసుకున్నాడు. అత్తయ్య డబ్బాలో పులిహోర కట్టిచ్చింది. సాయంత్రం ముక్కు కమిలిపోయి తిరిగొచ్చాడు. ఎలా జరిగిందంటే "క్వయట్, లవ్" అన్నాడు. ఆదివారం కూడా అలాగే వెళ్ళాడు. చర్చిలో జోన్ ఆంటీ నా చెయ్యి పట్టుకుని "అయ్యో, మీ వాడు కట్ మిస్సయ్యాడటగా, శుక్రవారమే ఇంటికి పంపేశారటగా, పాపం" అంది. పాపమేంటి అని అడిగాను. ఆవిడ విడమర్చి చెప్పింది. పరిగెత్తి మా ఆయనకి చెప్పాను.

చర్చి నుంచి ఇంటికి కూడా పోకుండా మా ఆయన కారేసుకుని వెతికాడు. పెద్ద దూరమేం పోలేదు మనిషి. మా పేటలోనే, పార్కులో, చెట్టు కింద బెంచీ మీద గోల్ఫ్ సంచీ పక్కన పెట్టుకుని పులిహోర తింటున్నాడట. రెండు రోజులూ అక్కడే కూర్చున్నాడు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడట. కాసేపయ్యాక దొరబాబు డబ్బా ఈయన వైపు జరిపాడట. ఇద్దరూ ఎప్పటికో గానీ రాలేదు.

అత్తయ్యకి విషయం చెప్తే నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా తల్లో! పని పోయినోడికి పాయసం పోశానటే! ఆ బిడ్డ నోరు తెరిచి చెప్పకూడదంటే?" నేను ఆయన్ని అదే అడిగాను, ఎందుకు చెప్పలేదండీ అని. "ఆవిడ చెయ్యి నా తల మీద ఉంది కదా లవ్" అన్నాడు. తర్వాత, సింకు దగ్గర తన ప్లేటు తను కడుక్కుంటూ, అటు తిరిగే ఇంకో మాటన్నాడు. కట్ మిస్సయినందుకు ఇన్నేళ్ళలో ఎవరూ నాకు విందు చెయ్యలేదు, దాటినందుకూ చెయ్యలేదు అని. ఇది అత్తయ్యకి తెలుగులో చెప్పాను. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని "తప్పినా పాయసమే, తప్పకపోయినా పాయసమే. ఇక నుంచి మనింట్లో ఇదే చట్టం" అని తీర్పిచ్చింది.

ఆ చట్టం వల్ల ఆయన ప్రతి ఏడూ వచ్చాడు. మెల్బోర్న్‌లో ఆట ఉన్నా, అడిలైడ్‌లో ఉన్నా, మధ్యలో ఖాళీ దొరికితే రైలెక్కి మా ఇంటికొచ్చేసేవాడు. తన ఆట గురించి తనంతట తాను చెప్పింది ఒక్కటే. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో పెద్ద పోటీలో, ఒక మధ్యాహ్నం బోర్డు మీద అందరికంటే పైన ఆయన పేరుందట. అంతలో వాన వచ్చింది. ఆట ఆపేశారు. అందరూ గుడారంలోకి పరిగెత్తితే ఈయన మాత్రం గొడుగేసుకుని ఆ బోర్డు కింద నిలబడ్డాడట. మర్నాడు ఆట మొదలయ్యాక పేరు కిందికి, కిందికి వచ్చి, సాయంత్రానికి బోర్డు మీద లేదు. "వాన ఇంకాస్త పడాల్సింది దొరబాబూ" అంది అత్తయ్య. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. "అదే నేనూ అనుకున్నా, అత్తయ్య" అన్నాడాయన.

చివరిసారి వచ్చిన ఏడు ఆయన చెయ్యి చెడింది. దూరంగా కొట్టేటప్పుడు బాగానే ఉండేది. బంతి గుంటకి మూరెడు దూరంలో ఉండి, చిన్నపిల్లలైనా వేసేయగల దెబ్బ కొట్టాల్సి వస్తే మాత్రం కుడిచెయ్యి ఒక్కసారి జెర్కిచ్చేది. బంతి ఎటో పోయేది. గోల్ఫర్లలో ఆ జబ్బుకి ఓ పేరుందట, ఆయన మాత్రం దాన్ని నోటితో పలికేవాడు కాదు. మా వైపు రాత్రిపూట పాముని పురుగంటారు, అలాగన్నమాట. నేను నాడి చూశాను, బీపీ చూశాను, మా డాక్టర్ల చేత చూపించాను. నరాల్లో ఏమీ లేదన్నారు. ఇంట్లో స్టీలు గ్లాసులోకి కొడితే ఒక్కసారీ వణకదు. టంగు, టంగు, టంగు.

"ఇంట్లో వణకని చెయ్యి అక్కడెందుకు వణుకుద్దే?" అని అత్తయ్య నన్ను నిలదీసింది.

"ఇక్కడ నువ్వున్నావు కదా అత్తయ్యా, బంతి వెనక్కి తొయ్యడానికి" అన్నాను సరదాకి. ఆవిడ సరదాగా తీసుకోలేదు.

ఇంగ్లండులో ఆడే హక్కు అంతకుముందే పోయింది. ప్రతి ఏడూ ఎవరు ఎలా ఆడారో చూసి, పైనున్న కొంతమందికే మరుసటి ఏడు ఆడే కార్డు ఇస్తారు. ఆయనకి మిగిలింది ఆస్ట్రేలియా కార్డొక్కటే, అదీ అంచు మీద ఉంది. చివరి టోర్నమెంటు సిడ్నీలోనే. అందులో కట్ దాటి శని, ఆదివారాలు ఆడితే కార్డు నిలుస్తుంది. లేకపోతే అసలు పెండిల్ హిల్ దగ్గర ఒక క్లబ్బులో, వాళ్ళ బావగారు చూసి పెట్టిన షాపులో కూర్చుని గ్లవ్స్ అమ్ముకోవాలి. "అది మంచి పనే కదండీ, సొంత ఊరు కూడానూ" అన్నాను. ఆయన మా తడి బట్టలు తీగ మీద ఆరేస్తున్నాడు, వద్దన్నా వినేవాడు కాదు. "షాపు మంచిదే లవ్. కానీ షాపు కిటికీలోంచి ఫస్ట్ టీ కనపడుతుంది" అన్నాడు. ఫస్ట్ టీ అంటే ఆట మొదలయ్యే చోటు. రోజూ అక్కణ్ణుంచి ఎవరెవరో ఆడటానికి బయల్దేరుతుంటే తను లోపల నుంచి చూడాలి. "ఇది తప్ప నాకింకేం చేతకాదు. ఇది కూడా అంత బాగా చేతకాదనుకో" అని నవ్వాడు. నేను క్లిప్పులు అందించాను.

ఆ వారం ఆయన సంచీ మోసేవాడు వేరే ఆటగాడి దగ్గరికి వెళ్ళిపోయాడు. మునిగే పడవ అనుకున్నాడు కాబోలు. మా ఆయన ఫ్యాక్టరీలో సెలవు పెట్టేశాడు. "నేను మోస్తా సర్" అన్నాడు. బి.ఇ. చదివిన మనిషి, ఇంట్లో కూరగాయల సంచీ మొయ్యమంటే నడుం నొప్పి అనేవాడు, ఆ ఏనుగంత సంచీ భుజానేసుకుని రెండు రోజులు కొండలూ గుట్టలూ తిరిగాడు. గురువారం రాత్రి ఇంటికొచ్చి, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని, "పర్లేదే, బానే ఆడాడు. రేపు ఇట్టాగే ఆడితే ఉంటాడు" అన్నాడు.

శుక్రవారం నేను డ్యూటీ మార్చుకున్నాను. అత్తయ్యని తీసుకుని వెళ్ళాను. ఆవిడ చర్చి చీర కట్టుకుంది, నా కాన్వాసు బూట్లు తొడుక్కుంది. దొరబాబు ఆ రోజు పదో గుంట దగ్గర మొదలుపెట్టాడు. అందరినీ ఒకేచోట నుంచి పంపడానికి టైము చాలక, సగం మందిని అక్కణ్ణుంచి పంపుతారు. మొత్తం పద్దెనిమిది గుంటలు కాబట్టి, అలా మొదలుపెట్టినవాళ్ళ ఆట చుట్టూ తిరిగి తొమ్మిదో గుంట దగ్గర అయిపోతుంది, క్లబ్బుకీ జనానికీ చాలా దూరంగా. మేం వెళ్ళేసరికి సాయంత్రమవుతోంది. గమ్ అనే యూకలిప్టస్ చెట్ల మధ్య ఆ పచ్చిక, చుట్టూ తాడు, ఒక వలంటీరు ముసలాయన, బోలెడు ఈగలు. చూడ్డానికి వచ్చినవాళ్ళం మేమిద్దరమే. ఎక్కడో అవతల, పెద్దవాళ్ళు ఆడుతున్న చోట నుంచి కేకలూ చప్పట్లూ గాలికి వినపడుతున్నాయి.

దొరబాబుతో పాటు ఇంకో ఇద్దరు ఆటగాళ్ళు. అందరి బంతులూ గుంట దగ్గరికి చేరాయి. మా ఆయన గుంటలో ఉన్న జెండాకర్ర తీసుకుని తాడు పక్కనుంచి పోతూ, పెదవులు కదలకుండా, "ఇది పడితే ఉంటాడు అమ్మా. పడకపోతే లేడు" అన్నాడు. చూశాను. మూరెడు దూరం. సరిగ్గా ఆయనకి చేతకాని దూరం.

ఆయన బంతి మీదికి వంగాడు. ముసలాయన క్వయట్ అని రాసున్న అట్ట పైకెత్తాడు. ఈగల చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా పక్కనుంచి "ప్రభువా! ఆ బిడ్డ చెయ్యి పట్టుకో తండ్రీ!" అని కేక.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఆటలో ఎవరైనా తుమ్మితేనే నేరం. ఒక ఆటగాడు విసుగ్గా తల తిప్పాడు. ముసలాయన గబగబా మా దగ్గరికొచ్చి, మీరు బయటికి వెళ్ళాల్సి ఉంటుంది మేడమ్ అన్నాడు. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దొరబాబు బంతి దగ్గర నుంచి లేచి మా వైపు చూశాడు.

"లీవ్ హర్ బీ" అన్నాడు. "షీ ఈజ్ విత్ మి."

ఆవిడ నా మనిషి అని. ముసలాయన వెనక్కి తగ్గాడు. "ఏమన్నాడే?" అని అత్తయ్య గొణిగింది. చెప్పాను. ఆవిడ వేలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆయన మళ్ళీ వంగాడు. నేను బంతిని చూడలేదు, కుడిచెయ్యినే చూశాను. వణకలేదు. మా హాల్లో కార్పెట్ మీద ఎలా కదిలేదో అలాగే కదిలింది. బంతి చక్కగా వెళ్ళింది, గుంట అంచు పట్టుకుంది, అంచు చుట్టూ తిరిగింది, ఇవతలికొచ్చి ఆగిపోయింది. అత్తయ్య చెయ్యి గురించే అడిగింది, దేవుడు చెయ్యి సంగతి చూశాడు. బంతి సంగతి అడగాలని మాకు తట్టలేదు. ఆ క్షణంలో నాకు దేవుడి మీద వచ్చినంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆయన తన చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. బంతి ఉన్నచోట ఒక నాణెం గుర్తు పెట్టి, బంతి తీసుకుని పక్కకి తప్పుకున్నాడు. మిగతా ఇద్దరూ తమవి వేసేసి, చేతి గ్లవ్స్ విప్పుకుని, అంచుకి వెళ్ళి నిలబడ్డారు. ఇక ఆయనకి మిగిలింది జానెడు దూరం. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒంటిచేత్తో, నడుస్తూ నడుస్తూ లోపలికి తోసేసి పోతారు. ఆయనే అలా చెయ్యడం ఎన్నోసార్లు చూశాను.

ఆయన నాణెం ముందు బంతి పెట్టాడు. నాణెం తీసి జేబులో వేసుకున్నాడు. వెనక్కి వెళ్ళి మోకాలి మీద కూర్చుని గుంట వైపు చూశాడు. లేచి అవతలి పక్కకి వెళ్ళి అక్కణ్ణుంచి చూశాడు. పచ్చిక మీద ఒక ఆకు ఉంటే తీసి పారేశాడు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, ఉత్తుత్తిగా రెండుసార్లు ఊపి చూసుకున్నాడు. ఆటగాళ్ళలో ఒకాయన వాచీ చూసుకుంటే రెండో ఆయన అతన్ని మోచేత్తో పొడిచాడు. మా ఆయన జెండాకర్రని గుండెకి ఆనించుకుని, కదలకుండా నిలబడ్డాడు.

"ఇంకా ఏం చూత్తన్నాడే? అంత దగ్గర్నుంచి పడదా?" అంది అత్తయ్య గుసగుసగా.

"పడుతుంది అత్తయ్యా."

"మరి ఆలస్యం దేనికి?"

"అది పడ్డాక ఇంక ఆయనకి ఆట లేదు అత్తయ్యా."



ఆయన కొట్టాడు. బంతి లోపల పడింది. వంగి దాన్ని తీసుకుని, తాడు వైపు తిరిగి, టోపీ తీసి పైకెత్తాడు, గెలిచినవాళ్ళు చేసినట్టు, ముందు మా వైపు, తర్వాత అటుపక్క తాడు వైపు. అటుపక్క ఎవరూ లేరు. అత్తయ్య చేతి సంచీ గడ్డిలో పెట్టి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆయన టోపీ మళ్ళీ తల మీద పెట్టుకునేదాకా ఆపలేదు.